పేరు పాపదే, కథ మాత్రం పాపది కాదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాపకు ఐదేళ్లు నిండినాయి, యూకేజీ చదువుతోంది. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, పాప, మా అత్త (పాపకు జేజి) ఉంటాం. పిల్లల పేరు పెట్టి కథలు తయారుచేసే యాప్ ఒకటి ఉంటే, ఏడాదికి సరిపడా డబ్బు కట్టి తీసుకున్నాను. మొదటి పది రోజులు పాప ఒకటే సంబరం. ఇప్పుడేమో రెండో పేజీకే ‘ఇది నా కథ కాదు, ఊరికే నా పేరు పెట్టినారు’ అని ఫోన్ పక్కకు తోసేస్తోంది. అన్నీ ఒకే మాదిరిగా ఉంటున్నాయి. అడవి, కుందేలు, చివర్లో ఒక నీతి. ‘నీతి’ అనే చోట ఆ రోజు పాపకు చెప్పాల్సింది రాస్తుంటాను. అన్నానికి మారాం చేయకూడదు, జేజికి ఎదురు చెప్పకూడదు, అట్లాంటివి. తెలుగు కూడా అదోమాదిరి ఉంటుంది. బొమ్మల్లో పాప ముఖం పేజీ పేజీకీ మారిపోతుంది. కట్టిన డబ్బు పోయినట్టేనా? దీన్ని సరిగా వాడుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: డబ్బు ఎక్కడికీ పోలేదమ్మా. మీ పాప చెప్పిన మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ‘ఊరికే నా పేరు పెట్టినారు’ అంది కదా, ఆ యాప్ చేసింది సరిగ్గా అంతే. దానికి మీరిచ్చినవి బహుశా పేరు, వయసు, ‘జంతువులంటే ఇష్టం’ అన్న ఒక్క ముక్క, ఒక నీతి. జంతువులంటే ఇష్టపడని ఐదేళ్ల పిల్లలు ఎంతమంది ఉంటారు? అది లక్షల మంది పిల్లలకు సరిపోయే మాట. అందుకే లక్షల మందికి సరిపోయే కథే తిరిగొస్తోంది. కొలతలు ఇవ్వకుండా దర్జీకి గుడ్డ ఇచ్చి వస్తే అందరికీ పట్టే గౌను కుడతాడు, మీ పాపకు పట్టేది కాదు.

ఇవ్వాల్సిన కొలత ఒక్కటే: ఆ రోజు మీ ఇంట్లో నిజంగా జరిగిన ఒక చిన్న సంగతి. అది పెద్ద విశేషం కానక్కరలేదు, చిన్నదైతేనే మేలు. చెప్పు తెగడం, కరెంటు పోవడం, మిద్దె మీద ఆరేసిన గౌను గాలికి పక్కింట్లో పడడం, ఏదైనా సరే. ఆ సంగతికి తోడు నాలుగు వివరాలు ఇవ్వండి: ఎక్కడ జరిగింది, ఎవరున్నారు, ఏ వస్తువు, పాప నోటి నుంచి వచ్చిన ఒక మాట. ఆ చివరిది అన్నిటికంటే ముఖ్యం. తను అన్న మాట కథలో వినబడితే పిల్ల చటుక్కున తలెత్తి చూస్తుంది.

పాపను ముద్దుగా చిట్టి అంటారనుకుందాం. ఇప్పటిదాకా మీరు రాస్తున్నది దాదాపు ఇట్లా ఉండి ఉంటుంది: ‘చిట్టి, 5 ఏళ్లు, జంతువులంటే ఇష్టం, నీతి: అన్నం తినాలి.’ దాని బదులు ఇట్లా రాసి చూడండి:

‘చిట్టికి ఐదేళ్లు. జేజి దగ్గర ఉంటుంది. సాయంత్రం జేజి బొరుగులు కలుపుతుంటే చిట్టి చెయ్యి తగిలి గిన్నె పడింది. బొరుగులన్నీ వాకిట్లో చిందినాయి. పిచ్చుకలు వచ్చినాయి. చిట్టి “నా బొరుగులు, నావి!” అని ఏడ్చింది. ఇక్కడి నుంచి కథ నడపండి. చిట్టి మొదట ఒక పని చేయబోయి పొరబడాలి, తర్వాత తనకు తానే ఇంకో ఉపాయం వెతకాలి. పెద్దవాళ్లు ఉపాయం చెప్పకూడదు. మాయలు, మంత్రాలు వద్దు. చివర్లో నీతి వద్దు. 6 పేజీలు, పేజీకి 3 వాక్యాలు, వాక్యానికి 7 మాటలు మించకూడదు.’

ఇందులో ప్రతి షరతుకూ ఒక కారణం ఉంది. ‘మొదట పొరబడాలి’ అనకపోతే యాప్ రాసే పిల్ల మొదటి పేజీలోనే దయ, ధైర్యం, తెలివి అన్నీ ఉన్న బంగారు బొమ్మ అయిపోతుంది. అట్లాంటి పిల్లకు కథ జరగడానికి చోటుండదు. ‘పెద్దవాళ్లు ఉపాయం చెప్పకూడదు’ అనకపోతే మూడో పేజీలో ఒక ముసలి గుడ్లగూబో, జేజో వచ్చి దారి చెప్పేస్తారు, చిట్టి తలూపుతూ నిలబడిపోతుంది. ‘మాయలు వద్దు’ అనకపోతే మెరిసే సీతాకోకచిలుక వచ్చి బొరుగులన్నీ గిన్నెలో పోసేస్తుంది. లెక్క చెప్పకపోతే పేజీకి ఎనిమిది వాక్యాలు రాస్తుంది. 6 పేజీలు, 18 వాక్యాలు అంటే దగ్గర దగ్గర 110 మాటలు. ఐదేళ్ల పిల్లకు ఒకసారి కూర్చుని వినడానికి అది చాలు. ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల పుస్తకాల వెబ్‌సైట్ ‘స్టోరీవీవర్’లో మొదటి స్థాయి పుస్తకాలు 250 మాటల లోపే ఉంటాయి, అదీ మీకు ఒక కొలతగా పనికొస్తుంది.

రాసే చోటు చిన్నదై, సగంలోనే ఇక అక్షరం పడకపోతే కంగారు పడకండి. కంప్యూటరు లెక్కలో తెలుగు అక్షరాలు మనకు కనబడేటన్ని ఉండవు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అందుకే 300 అక్షరాల హద్దు ఉన్న పెట్టె తెలుగులో తొందరగా నిండిపోతుంది. అట్లాంటప్పుడు ముందు సంగతి, పాప మాట, ‘నీతి వద్దు’ అనే మూడే ఉంచి మిగతావి తీసేయండి. పేజీల సంఖ్య వేరే చోట ఎంచుకోవచ్చేమో చూడండి. పొడుగు కథ అడిగితే చివర్లో తెగిపోయినట్టు, హడావుడిగా ముగించినట్టు రావడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఈ కథలు రాసే సాఫ్ట్‌వేర్ భాషను తునకలుగా లెక్కపెడుతుంది, ఒక కథకు ఇన్ని తునకలని హద్దు ఉంటుంది. అదే కథకు ఇంగ్లిష్ కంటే తెలుగుకు ఎక్కువ తునకలు పడతాయి. 12 పేజీల కథ ఒకటి అడిగే బదులు 6 పేజీల కథలు రెండు అడగండి.

ఇప్పుడు నీతి సంగతి. ఇది కాస్త నొప్పిగా ఉంటుంది, అయినా చెప్పాలి. పాప ఫోన్ తోసేయడానికి అడవి, కుందేలు సగమే కారణం. మిగతా సగం ఆ నీతి పెట్టె. పగలు అన్నం దగ్గర పడిన తిట్లు రాత్రి కథలో మళ్లీ వస్తుంటే, పైగా తన పేరుతోనే వస్తుంటే, అది కథ అనిపించదు, పంచాయతీ అనిపిస్తుంది. పక్కింటి పిల్ల కథ అయితే విని నవ్వేది. తన పేరు పెట్టినందుకే తప్పించుకోలేకపోతోంది. పేరు పెట్టి చెప్పే కథలకున్న బలం ఇదే, ప్రమాదమూ ఇదే. ఒక నెల పాటు ఆ పెట్టె ఖాళీగా వదిలేయండి. యాప్ ఖాళీగా వదలనివ్వకపోతే ‘కుతూహలం’ అనో ‘నవ్వు’ అనో రాయండి. అన్నం గురించి చెప్పి తీరాల్సిందే అనుకుంటే మారాం చేసే పిల్లగా పాపను పెట్టకండి, పాప వంట చేసి పెడుతుంటే మారాం చేసే కోడిపెట్టను పెట్టండి. బుజ్జగించే పని చిట్టికి వస్తుంది. ఆ కథ ఎన్నిసార్లయినా వింటుంది.

భయాల కథలకూ ఇదే లెక్క. చీకటంటేనో, సూదంటేనో భయపడే పిల్లకు ‘చిట్టి అసలు ఏడవలేదు’ అని రాస్తే ఏడుపొచ్చిన రోజు తను ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ‘చిట్టి జేజి చెయ్యి గట్టిగా పట్టుకుంది, కొంచెం ఏడ్చింది, అయిపోయింది’ అని రాయమనండి. ఆ కథను సూది వేయించే రోజు పొద్దున కాకుండా రెండు మూడు రోజుల ముందు ఒకసారి, తర్వాత ఇంకోసారి చదవండి.

తెలుగు అదోమాదిరి ఉందన్నారు. చాలా యాప్‌లు లోపల ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి మారుస్తున్నట్టే రాస్తాయి. పైన చెప్పిన బొరుగుల కథకు ఇలాంటి పేజీ రావడం మామూలే:

‘ఒక అందమైన ఉదయం, చిట్టి తన అమ్మమ్మతో వంటగదిలో ఉంది. ఆమె అకస్మాత్తుగా గిన్నెను పడవేసింది. “ఓహ్ లేదు!” అని ఆమె అరిచింది. ఆమె కళ్లు కన్నీళ్లతో నిండిపోయాయి. “చింతించకు, నా ప్రియమైన,” అని అమ్మమ్మ వెచ్చని చిరునవ్వుతో చెప్పింది.’

దీన్ని అట్లనే చదివితే పాప లేచిపోతుంది. రెండు నిమిషాలు కూర్చుని ఇట్లా దిద్దండి:

‘సాయంత్రం జేజి బొరుగులు కలుపుతోంది. చిట్టి చెయ్యి తగిలి గిన్నె ధబీమని పడింది. “అయ్యయ్యో! నా బొరుగులు!” చిట్టికి ఏడుపు ముంచుకొచ్చింది. “పోతే పోనీలేమ్మా, ఏడ్వాకు. అదో, పిచ్చుకలొచ్చినాయి చూడు” అంది జేజి.’

ఏం మారిందో చూడండి. మీరు సాయంత్రం అని చెప్పినా ఉదయం చేసేసింది, అది సరిచేశాం. ‘ఆమె’లు మూడూ పోయాయి. ఐదేళ్ల పిల్లను ఇంట్లో ఎవరూ ఆమె అనరు, ఎవరి సంగతో తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ మాట అక్కర్లేదు కూడా. ‘పడవేసింది’ అంటే కావాలని పడేసినట్టుంది, ‘చెయ్యి తగిలి పడింది’ అంటే జరిగింది జరిగినట్టుంది. పిల్లలు ఈ తేడా దగ్గర చాలా పట్టుదలగా ఉంటారు. నాన్నమ్మ అమ్మమ్మ అయిపోయింది, ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే మాట కదా. ‘వెచ్చని చిరునవ్వు’ పోయి జేజి మాటే వచ్చింది. ‘ధబీమని’ చేరింది. చదివేటప్పుడు నేల మీద చేత్తో ఒక దెబ్బ వేయండి. యాప్‌లో ‘ఎడిట్’ అనే గుర్తు ఉంటే అక్కడే దిద్దవచ్చు. లేకపోతే కథను కాపీ చేసి ఫోన్ నోట్స్‌లో పెట్టుకుని దిద్దండి.

ప్రతిసారీ ఇంత దిద్దుబాటు లేకుండా ఉండాలంటే మీ ఇంటి మాటలు పదో పదిహేనో ఒకచోట రాసిపెట్టుకుని, కథ అడిగే ప్రతిసారీ కింద అతికించండి. జేజి, అంగడి, బొరుగులు, ఎనుము, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, గెనుసుగడ్డ, చెనిక్కాయలు, ఓళిగ, సంగటి, ఊరిబిండి. ‘ఈ మాటలే వాడండి, గేదె, ఉల్లిపాయ, బంగాళాదుంప, చిలగడదుంప, మరమరాలు, బొబ్బట్టు అనకండి’ అని రెండు వైపులా చెబితే బాగా పాటిస్తుంది. ఇది యాస మీద మోజుతో చెప్పే మాట కాదు. జేజి ఎనుము అంటుంటే, కథ గేదె అంటుంటే, పిల్లకు కథ ఇంటి బయట జరిగేదైపోతుంది. బడి తెలుగు ఎలాగూ బడిలో వస్తుంది.

ఈ మాటల కిందే కథలో రోజూ ఉండే వాళ్లను కూడా నాలుగు వరుసల్లో రాసిపెట్టండి: చిట్టి ఎట్లా ఉంటుంది, జేజికి ఏం ఇష్టం, పక్కింటి పిల్లోడు, ఒక మేకపిల్ల. నలుగురు చాలు. చాలా యాప్‌లకు నిన్నటి కథ గుర్తుండదు. మేకపిల్లకు నిన్న పెట్టిన పేరు ఈరోజు మార్చేస్తుంది, పిల్ల వెంటనే పట్టేస్తుంది. కథ అయిపోగానే ‘నిన్న జరిగింది’ అని రెండు వాక్యాలు ఆ నోట్‌లో చేర్చండి, మర్నాడు దాన్నే అతికించండి. అట్లా గొలుసుగా సాగే కథ కోసం పిల్ల ఎదురుచూస్తుంది.

ఊరి చుట్టూ ఉన్న చోట్లను కథలోకి తేవాలంటే యాప్‌ను నమ్ముకోకండి. గండికోట అని మాత్రం రాస్తే ఏదో ఒక రాజు కోట కట్టేసి పక్కన ఏదో ఒక నది పారిస్తుంది. వివరం మీరే ఇవ్వండి: జమ్మలమడుగు దగ్గర, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారుతుంది, కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యం దాచిన పెద్ద కొట్టు ఉన్నాయి. పెన్న మీ ప్రొద్దుటూరు పక్కనే పోతుంది కాబట్టి ‘మన ఏరు అక్కడికి ఎట్లా పోయింది’ అని పాప అడగవచ్చు. అప్పుడు అక్కడి నుంచి వచ్చే మన దగ్గర పారుతుందని, కోట ఎగువన ఉందని చెప్పండి.

కలివి కోడి గురించి ఒక కథ తప్పకుండా చేయండి. కడప జిల్లా పిల్లలకు అంతకంటే మంచి పాత్ర దొరకదు. 1848లో శాస్త్రవేత్తలు ఈ పిట్టను లోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986లో లంకమల అడవి దగ్గర మళ్లీ కనబడింది. పగలు పొదల మాటున ఉండి రాత్రి బయటికొస్తుంది, ఎగరడం కంటే నేల మీద పరిగెత్తడమే ఎక్కువ. పడుకునే వేళ కథకు ఇంకేం కావాలి? అయితే యాప్‌లో ‘కలివి కోడి’ అని రాస్తే బొమ్మలో ఎర్ర తురాయి ఉన్న నాటుకోడి ప్రత్యక్షమవుతుంది, ‘కోడి’ అనే మాటను పట్టుకుని గీసేస్తుంది. దాని ఇంగ్లిష్ పేరు ‘జెర్డన్స్ కోర్సర్’ను ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి, కింద రూపం కూడా చెప్పండి: జానెడు కంటే కాస్త పెద్ద పిట్ట, పెద్ద కళ్లు, సన్నని పొడుగు కాళ్లు, ఎద మీద గోధుమరంగు పట్టీలు రెండు, చుట్టూ ముళ్లపొదలు, రాత్రి. ఇంతా చెప్పాక కూడా కోడి వస్తే బొమ్మ తీసేసి ఆ పేజీని పాపతో గీయించండి.

బొమ్మల్లో ముఖం ఎందుకు మారుతుందంటే, అది ప్రతి పేజీ బొమ్మను కొత్తగా గీస్తుంది. కిందటి పేజీలో ఏ రంగు గౌను వేసిందో దానికి పట్టదు. కొన్ని యాప్‌లలో ‘క్యారెక్టర్’ అని ఒకసారి తయారుచేసి దాచుకునే వీలుంటుంది. అది ఉంటే ముందు ఆ పని చేయండి. లేకపోతే ఒకే వాక్యం ప్రతి పేజీకీ మాట మారకుండా ఇవ్వండి: ‘చామనచాయ, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పసుపు గౌను, కాళ్లకు పట్టీలు.’ రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు వంటి గుర్తులుంటే ముఖం కాస్త మారినా పిల్ల తనను తాను గుర్తుపడుతుంది. ఛాయ చెప్పకపోతే తెల్లగా గీసేస్తుంది, అది తప్పక రాయండి. ఒక పేజీలో ఇద్దరికి మించి మనుషుల్ని అడగకండి, ముగ్గురైతే చేతులు కలిసిపోతాయి. బొమ్మలో అంగడి బోర్డు మీద తెలుగు అక్షరాలు కావాలని అడగకండి, అక్షరాల్లాగా కనబడే గీతలు వస్తాయి. ఇప్పుడిప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్ల వాటిని కూడబలుక్కోబోయి తికమకపడుతుంది.

పోలిక కోసం పాప ఫొటో ఎక్కించమని యాప్ అడిగితే వద్దనే మా సలహా. మాటల్లో చెప్పిన రూపం సరిపోతుంది. ముద్దుపేరు చాలు, ఇంటిపేరు, బడి పేరు, వీధి పేరు, పుట్టిన తేదీ అక్కర్లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని అందులో ఉంది. చట్టం ఉంది కదా అని ఫొటోలు ఇచ్చేయడం కంటే ఇవ్వకుండా ఉండడమే తేలిక.

ఇక చదివే పద్ధతి. యాప్ గొంతుకు అప్పజెప్పి మీరు వంటింట్లోకి పోతే సగం ఫలితం పోయినట్టే. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ఊరికే చదువుకుంటూ పోకుండా పిల్లల చేత మాట్లాడించాలని తల్లిదండ్రులకు నేర్పారు. ఆ పిల్లలకు మాట బాగా వచ్చింది. పద్ధతి చాలా సులువు. ‘గిన్నె ఎట్లా పడింది?’ అని అడగండి. ‘పడింది’ అంటుంది. ‘అవును, చెయ్యి తగిలి ధబీమని పడింది’ అని మీరు పెంచి చెప్పండి. ‘ఏదీ, నువ్వు చెప్పు’ అనండి. అంతే. ప్రతి వాక్యానికీ ఇట్లా ఆపితే కథ విసుగొస్తుంది, పేజీకి ఒక్కటి చాలు. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు వద్దు. ‘ఇప్పుడు చిట్టి ఏం చేస్తుంది?’ అని నాలుగో పేజీ దగ్గర అడిగి, పాప చెప్పిన జవాబు యాప్ రాసినదానికంటే బాగుంటే ఆ పేజీని పాప మాటతోనే మార్చేయండి. అప్పుడది నిజంగా పాప కథ.

యాప్ గొంతు కావాల్సిన రోజులూ ఉంటాయి. అప్పుడు వేగాన్ని కొంచెం తగ్గించండి, 0.8 దగ్గర పెడితే మాట తేటగా వినిపిస్తుంది. పేరును తెలుగు లిపిలోనే టైపు చేయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఇస్తే హ్రస్వం దీర్ఘమై, శ్ర కాస్తా స్ర అయిపోతుంది. పాపకు తన పేరు తప్పు పలికితే కథంతా తప్పే. అంకెల బదులు ‘మూడు’, ‘ఐదు’ అని అక్షరాల్లో ఉంచండి, లేకపోతే కొన్ని గొంతులు ఇంగ్లిష్‌లో చదువుతాయి.

ఫోన్ ఎంతసేపు అన్నదానికి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన లెక్క ఉంది: రెండేళ్ల నుంచి ఐదేళ్లు నిండేదాకా అన్ని తెరలూ కలిపి రోజుకు గంట దాటకూడదు, ఐదు నిండినాక రెండు గంటల లోపే ఉండాలి, ఎంత తక్కువైతే అంత మంచిది. ఈ కథలకు తెర అవసరమే లేదు. దిద్దిన కథను పీడీఎఫ్ చేసి జిరాక్స్ అంగడిలో నలుపు తెలుపులో తీయించండి, రంగులు పాప వేసుకుంటుంది. తీయించే ముందు ఒత్తులు చూసుకోండి. కొన్ని యాప్‌ల పీడీఎఫ్‌లో ‘పిచ్చుక’ కాస్తా ‘పిచ్‌చుక’గా విడిపోతుంది. అట్లా అయితే పేజీలను స్క్రీన్‌షాట్ తీసి బొమ్మలుగా ఇవ్వండి. పాత అట్ట మీద బొమ్మలు అతికించి, కత్తిరించి, వెనక చీపురుపుల్ల కట్టి, తెల్ల పంచె వెనక నుంచి టార్చిలైటు వేస్తే అదే తోలుబొమ్మలాట. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ వైపు పోయినప్పుడు పాపకు అసలైనవి చూపించండి. ఇంట్లో ఆడేటప్పుడు బొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకుంటే నీడ తేటగా పడుతుంది, టార్చికి దగ్గరగా జరిపితే పెద్దదై మసకబారుతుంది. దెయ్యాన్ని పెంచడానికి అది పనికొస్తుంది.

రోజుకొక కొత్త కథ చేయకండి. వారానికి రెండు చాలు, మిగతా రోజులు పాతవే. 2011లో ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు మూడేళ్ల పిల్లలతో చేసిన పరిశోధనలో, ఒకే కథను మళ్లీ మళ్లీ విన్న పిల్లలే కొత్త మాటలను ఎక్కువ నేర్చుకున్నారు. యాప్‌లో ‘కొత్త కథ’ గుర్తు ఎప్పుడూ మెరుస్తుంటుంది, దాని వెంట పడకండి. దీనికి తోడు స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లోకి దించుకోవచ్చు. మనుషులు రాసి, మనుషులు గీసిన పుస్తకాలు పాపకు వారానికి రెండైనా అందాలి. తన పేరు లేని కథలో కూడా తనను చూసుకోవడం పిల్లకు అలవాటు కావాలి.

మీ ఆయన సంగతి మీరు అడగలేదు కానీ, ఈ యాప్‌తో మీకు దొరికే పెద్ద లాభం అక్కడే ఉంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర. పీడీఎఫ్‌ను ముందే వాట్సాప్‌లో పంపండి. ఆయన ఫోన్‌లో చదవాలి, పాప చేతిలో కాగితం పుస్తకం ఉండాలి, పేజీ పాప తిప్పాలి. వీడియో కాకుండా మామూలు కాల్ అయితే పాప చూపు పుస్తకం మీదే ఉంటుంది. డ్యూటీ వేళలు కలవకపోతే పేజీకొకటి చొప్పున ఆరు వాయిస్ మెసేజ్‌లు పెట్టమనండి. ఒకటే పొడుగ్గా పంపితే పేజీ, గొంతు కలవవు. నాన్న గొంతును నేర్చుకుని యాప్ తానే చదువుతుందని ఆశ చూపే సదుపాయం ఉంటే దాని జోలికి పోకండి. పాపకు కావాల్సింది నాన్న చదవడం. ఆయన తడబడినా, దగ్గినా, మధ్యలో ‘తిన్నావా నాయనా’ అని అడిగినా అదంతా పాపకు కథలో భాగమే. వారంలో ఒక సంగతి ఆయన వైపు నుంచి కూడా రానివ్వండి. అక్కడ రూములో ఏం వండుకున్నారో, కిటికీ బయట ఏ పిట్ట వాలిందో రెండు వాక్యాలు పంపితే, దాన్నుంచి ‘నాన్న, పిట్ట’ కథ అవుతుంది.

డబ్బు గురించి ఒక్క పని ఈరోజే చేయండి. ఏడాది చందాలు చాలావరకు గడువు తీరగానే వాటంతట అవే మళ్లీ డబ్బు కోసుకుంటాయి. ప్లే స్టోర్‌లో కుడివైపు పైనున్న మీ బొమ్మ నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో ‘సబ్‌స్క్రిప్షన్స్’కు వెళ్లి ఆ యాప్ దగ్గర ‘క్యాన్సిల్’ నొక్కండి. ఇప్పుడే నొక్కినా కట్టిన ఏడాది పూర్తయ్యేదాకా మామూలుగా పనిచేస్తుంది. యాప్‌ను ఫోన్ నుంచి తీసేస్తే మాత్రం చందా ఆగదు, చాలామంది అక్కడే పొరబడతారు. ఏడాది చివర్లో పాప ఇంకా అడుగుతుంటే అప్పుడు మళ్లీ కట్టవచ్చు.

చివరిగా మీ అత్త గురించి. ఆమె దగ్గర కథలు తప్పకుండా ఉంటాయి. వాటిని యాప్‌లో వేసి బొమ్మలు గీయించాలని మీకు అనిపించవచ్చు. వేయకండి. యాప్ వాటిని ‘ఒక అందమైన ఉదయం’గా మార్చేస్తుంది. ఫోన్‌లో రికార్డర్ పెట్టి, ఫ్యాను ఆపి, ఫోన్‌ను ఆమెకు జానెడు దూరంలో గుడ్డ మీద ఉంచి, పాపను పక్కన కూర్చోబెట్టండి. వినేవాళ్లు ఎదురుగా లేకపోతే ఆమె కథ చెప్పలేదు. ఊ కొట్టే పని పాపది. ఫైలుకు తేదీ, కథ పేరు పెట్టి ఇంకో చోట ఒక కాపీ దాచి, మూడోది కువైట్‌కు పంపండి.